ముట్టెపాముల రంగులు

చీకటిపడిన పిమ్మట పాము పేరు పలుకరాదని, చెప్పక తప్పనిచో పురుగు అనవలెనని మన పెద్దలు పెట్టిన కట్టుబాటు అనేక గృహములలో నేటికిని చెల్లుచున్నది. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి, చలిమిడియు చిమ్మిలియు నివేదించి, దూరమునుండియే మ్రొక్కి యింటికి వచ్చువారము మనము. పాలు పామునకు ఆహారము కాదని జంతుశాస్త్రము తెలిసినవారు చెప్పుచునే యున్నారు. మనము పోయుచునే యున్నాము. ఇట్టి సంప్రదాయమున పెరిగిన మేము నిరుడు వేసవిలో 14 పాములున్న యింట అయిదు నెలలు సుఖముగా నిద్రించితిమని వ్రాసినచో సోదరీమణులు మా మతిస్థిమితమును శంకింతురేమో! కాని యిది యథార్థము. ఆ పాముల మూలమున మాకు తెలిసిన సంగతులు కొన్ని ఆడపిల్లలు గల తల్లులు వినదగినవిగా తోచుటచే నిట వ్రాయుచున్నాము.

మా అమ్మాయి కాపురము అమెరికా దేశమున టెక్సాస్ రాష్ట్రములో, డల్లాసు నగరమునకు సమీపమున. ఆమె కుమార్తెకు 16 ఏండ్లు. ఇతర బాలికలు కుక్కపిల్లను గాని చిలుకను గాని కోరునట్లు ఈ పిల్ల పదవయేట పామును కోరెను. తండ్రి నవ్వి యూరకుండెను. తల్లి రెండేండ్లు ఒప్పుకొనలేదు. కడకు ఒప్పుకొన్నది గాని షరతులు గట్టివి. పాముల గది తలుపు ఎల్లప్పుడు మూసియుండవలెను. వాని ఆహారమగు ఎలుకలు వంటయింటి గడప దాటి రాకూడదు. ఆ ఎలుకలను అంగడిలో గడ్డకట్టించి, పొట్లములు కట్టి అమ్ముదురు. శాకాహారుల యిల్లు గదా, పెరుగుగిన్నె ప్రక్కను ఎలుకల పొట్లము పెట్టనిత్తురా? అందుచే కారు నిలుపు కొట్టులో వానికి వేరుగా ఒక చిన్న ఫ్రిజ్జి యేర్పడినది. దానిపై మనుమరాలు 'అమ్మమ్మా, తెరువవద్దు' అని తెలుగున వ్రాసి అంటించినది. అక్షరములు వంకరటింకరగా నున్నను మాకు మిక్కిలి ముచ్చటయైనది.

మేడమీది చిన్నగదిలో బీరువా సొరుగులవలె నొకదానిపై నొకటి అమర్చిన పెట్టెలే ఆ పాముల నివాసములు. ఒక్కొక్క పెట్టెలో చిత్రికపట్టిన కొయ్యపొట్టు దళముగా పరచి, ఒక మూల నీళ్లగిన్నె యుంచి, పెట్టె యొక కొనను మాత్రము విద్యుత్తుతో వెచ్చజేయుదురు. పాము తనకు వెచ్చదనము కావలసినప్పుడు ఆ కొనకును, చల్లదనము కావలసినప్పుడు ఈ కొనకును ప్రాకును. తక్కిన కాలమంతయు పొట్టులో దూరియుండును. మొదటివారము మేము చూచినది పొట్టు మాత్రమే.

ఈ పామును ఆంగ్లమున హాగ్‌నోస్ అందురు. ముక్కు కొన పంది ముట్టెవలె పైకి వంగియుండుటచే ఆ పేరు కలిగినది. మేము దానికి ముట్టెపాము అని పేరు పెట్టితిమి. 1852లో బెయిర్డు, గిరార్డు అను శాస్త్రజ్ఞులు ఇరువురు దీనికి పెట్టిన లాటిను పేరులో నాసికస్ అను మాట కలదు. మన నాసికకును దానికిని దూరపు చుట్టరికమే. కెనడా దేశపు దక్షిణభాగము మొదలుకొని అమెరికా నడుమనున్న గడ్డిమైదానముల మీదుగా టెక్సాస్ వరకును దీని స్వస్థలము. ఇసుకనేల నీ ముట్టెతో త్రవ్వి కప్పలను, బల్లులను, వాని గ్రుడ్లను వెదకికొని తినును. మగది మూరెడు, ఆడుది దానికన్న పెద్దది. రెండు మూరలు దాటుట అరుదు. నడుము బొద్దుగా నుండును. ముఖము చూచినచో ఎవరిమీదనో అలిగి మూతి ముడిచికొన్న పసిపిల్ల జ్ఞప్తికి వచ్చును.

దీని గుణములలో మమ్ము మిక్కిలి నవ్వించినది నటన. భయము కలిగినప్పుడు మెడను వెడల్పుచేసి నాగుపాము పడగవలె చూపును, బుసకొట్టును, మీదికి దూకి నోరు మూసికొనియే ముక్కుతో పొడుచును. అంతకును శత్రువు తొలగనిచో వెల్లకిల పడి, నోరు తెరచి, నాలుక వ్రేలవేసి చచ్చినట్లు నటించును. దానిని బోరగిల త్రిప్పినచో మరల వెల్లకిల పడును! చచ్చిన పాము వెల్లకిలనే యుండవలెనని దాని నమ్మకము కాబోలు. ఈ విద్యలో ఆరితేరినది తూర్పుదేశపు ముట్టెపాము. మా మనుమరాలి యొద్దనున్న పడమటిజాతి అప్పుడప్పుడు మాత్రమే ఈ నాటక మాడును. దీని పైదవడ వెనుకపండ్ల చెంత కొంచెము విషము కలదు. మనుష్యునకు ప్రాణభయము లేదుగాని, కరచి పట్టుకొని నమలినచో చేయి వాచును. అందుచే ఆమె కప్పను గాని ఎలుకను గాని తాకిన చేతితో పామును ముట్టదు.

ఇది చదివి మన పిల్లలెవరును పామును పట్ట బూనుకొనరాదు. మన నాగుపాము, కట్లపాము, రక్తపింజర నాటకమాడు జాతులు కావు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున సగటున ఏటేట 58,000 మంది పాముకాటున మరణించిరని పరిశోధకులు లెక్కగట్టినారు; అందులో అధికభాగము పల్లెవాసులే. మరియు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశపు పాములను పట్టి యింట నుంచుకొనుటను నిషేధించుచున్నది. మేము చెప్పునది పెట్టెలో పుట్టి, పెట్టెలో పెరుగు పరదేశపు పాముల మాట.

ఇక రంగులకు వత్తము. అడవి ముట్టెపాము రంగు ఇసుకకు, ఎండుగడ్డికి తగినది. లేత గోధుమవన్నె వీపుపై ముదురు గోధుమ మచ్చలు వరుసగా నుండును. ఒక్క ప్రక్కపాటుగా చూచినచో ఎండినయాకులని భ్రమపడుదుము. క్రింది పొట్టమాత్రము నల్లగా నుండి, అక్కడక్కడ పసుపు అద్దినట్లుండును. మనుమరాలి పెట్టెలలో ఇట్టివి కొన్ని. ఇంకొక పెట్టెలో నారింజతొన వంటిది, కన్నులు దానిమ్మగింజలవలె ఎఱ్ఱనివి. మఱియొకటి విభూతివన్నె. వేరొకదానికి మచ్చలు చాలవఱకు చెరగిపోయి చుక్కలుగా మిగిలియున్నవి. ఇవన్నియు వేరువేరు జాతులని మే మనుకొనగా, మనుమరాలు కాదని, ఒక తల్లి కడుపున పుట్టగల బిడ్డలేయని చెప్పినది.

ఆమె వివరించినది మాకు ముగ్గు సామగ్రితో పోల్చిన బోధపడినది. పాముచర్మములో రంగు నింపు కణములు ప్రధానముగా మూడు తెగలు. ఒక తెగలో నలుపు గోధుమలు, ఒక తెగలో పసుపు ఎరుపులు ఉండును. మూడవ తెగలో రంగే లేదు. వెలుగును తిప్పికొట్టు సన్నని స్ఫటికములు అభ్రకమువలె మెరయును. బొగ్గుపొడి, పసుపు కుంకుమలు, పిండి అనుకొనుడు. నలుపు తయారగుటకు వలసిన ఆజ్ఞ చెడినచో పసుపు కుంకుమలు మిగిలి నారింజరంగు పాము పుట్టును. దీనిని ఆల్బినో అందురు. పసుపు ఎరుపుల ఆజ్ఞ చెడినచో విభూతివన్నె పాము పుట్టును. దానికి ఆగ్జాంథిక్ అని పేరు. రెండును ఒకేపాములో చెడినచో పిండి మాత్రమే మిగులును. అదియే మంచుపాము, తెల్లనిది. చుక్కలపాము సంగతి వేరు. అక్కడ మారినది రంగు కాదు, ముగ్గు గీయు చేయి. దానిని వ్యాపారులు అనకొండా అందురు. ఈ మార్పు తల్లివలన నొకటి, తండ్రివలన నొకటి కలిసి వచ్చినచో బిడ్డవీపున మచ్చయే కానరాదు.

ఆ నగరప్రాంతమున జరిగిన ఒక సరీసృపముల సంతకు మమ్ము తీసికొనిపోయిరి. మన గాజుల అంగడివలె వరుసగా బల్లలు, వానిపై మూతవేసిన చిన్న డబ్బాలు, ఒక్కొక్క డబ్బాలో ఒక్కొక్క పాముపిల్ల. మీద రంగు పేరును వెలయును వ్రాసియున్నవి. అడవిరంగు ముట్టెపాము పిల్ల వెల నూరు డాలర్లకు కొంచెము అటునిటు. వింతరంగులకు దానికి అయిదింతలు, పదింతలు. ఒకే గ్రుడ్లచాలులో పుట్టిన తోబుట్టువుల కింత వెలభేదము! అక్కడనే ఆఫ్రికాదేశపు బాల్ పైథాన్ అను చిన్న కొండచిలువలలో స్పైడర్ అను రకమును చూచితిమి. సాలెగూడువంటి చిత్రమైన గీతలు, చూపు త్రిప్పుకొనలేము. కాని ఆ పాము తల నిలుకడగా నిలువలేదు, వణకుచు ఒకప్రక్కకు మెలి తిరుగుచుండెను. ఆ అందమును ఆ వణుకును ఒకే జన్యువు కూర్చునట. 2022లో ప్రకటింపబడిన పరిశోధనలో ఆ పాముల లోచెవి నిర్మాణమే వికలమని తేలినది. ఐనను కొనువారు కలరు, కావున పెంచువారును కలరు. మా మనుమరాలు ఆ బల్లవద్ద నిలువలేదు. మేమును నిలువలేదు.

ఆమె యొద్ద ఒక గోధుమవన్నె జంట యున్నది. చూచువారికి రెండును అడవిపాములే. కాని అమ్మినవాడు ఆ రెండును నారింజ లక్షణమును, విభూతి లక్షణమును లోపల దాచుకొన్నవని చీటీ వ్రాసి యిచ్చెనట. అట్టివానిని వ్యాపారులు హెట్ అందురు. ఒక్కొక్క లక్షణమునకు ఆజ్ఞాపత్రములు రెండుండును, తల్లి యిచ్చినది ఒకటి, తండ్రి యిచ్చినది ఒకటి. ఒకటి చెడినను రెండవది పని నడుపును. బిడ్డ రంగు మారదు. చెడినది మాత్రము తరువాతి తరమునకు జారిపోవుచుండును. ఇరువైపులనుండియు చెడినవే వచ్చి కలసిన బిడ్డయందు అది బయటపడును. మెండెల్ అను క్రైస్తవ సన్యాసి బఠాణీమొక్కలపై ఈ లెక్కను కనుగొని 1866లో ప్రకటించెను. ఇట్టి జంటకు పుట్టు 16 మందిలో 9 గోధుమవి, 3 నారింజవి, 3 విభూతివి, 1 తెల్లనిది అని ఆ లెక్క.

జూన్ నెలలో తల్లిపాము 11 గ్రుడ్లు పెట్టెను. అవి కోడిగ్రుడ్లవలె పెంకుగలవి కావు, తడితోలువలె మెత్తనివి. పాముగ్రుడ్డును పొదుగునప్పుడు త్రిప్పరాదు, లోని పిండము చెడును. అందుచే మనుమరాలు ఒక్కొక్క గ్రుడ్డుపై పెన్సిలుతో చిన్న గీత పెట్టి, పైభాగము పైననే యుండునట్లు తడిపొడిగానున్న ఖనిజపుపొట్టులో అమర్చెను. దినమున కిరుమారులు వేడిమి చూచి పుస్తకమున వ్రాసెను. ఒక గ్రుడ్డు బూజుపట్టి పోయినది. తల్లిపామును ప్రతివారమును తూచెను. గ్రుడ్లు పెట్టిన పాము చిక్కి వదులుసంచివలె నగును. దానిని చూచినప్పుడెల్ల మాకు పురిటిమంచము మీది ఆడువారే తలపునకు వచ్చిరి.

ఇంతలో ఒకాయన తెల్లపిల్ల పుట్టినచో తనకే యిమ్మని, ముందే పైకము పంపుదునని వార్త పంపెను. కళాశాల ఖర్చులకు కూడబెట్టుకొనుచున్న పిల్ల, ఆశ యుండదా? 58 దినములకు గ్రుడ్లు చీలినవి. పాముపిల్ల ముక్కుకొన నుండు చిన్నపంటితో గ్రుడ్డును కోసి, తల వెలికి పెట్టి, లోకమును చూచుచు ఒక పూట, ఒక్కొక్కటి ఒక దినము అట్లే యుండును. పదియు వెలువడినవి. ఆరు గోధుమవి, మూడు నారింజవి, ఒకటి విభూతివి. తెల్లనిది లేదు. పదునారింట నొకటి యనగా పాచికలవంటి లెక్కయే గాని ఋణపత్రము కాదని మనుమరాలు మాకు చెప్పినది. తనకు తాను చెప్పుకొన్నట్లుండెను.

ఆ వారమున మా అల్లునివైపు బంధువు ఒక పెద్దావిడ చూడవచ్చిరి. మంచి మనిషి, పెట్టు చేయి. పిల్లలకు చేగోడీలు చేసి తెచ్చిరి. డబ్బాలన్నియు చూచి, "ఏమే తల్లీ, ఇన్నింటిలో ఒక్క తెల్లనిదియు పుట్టలేదటే?" అనిరి. తరువాత తామే సమాధానముగా, "తల్లి నలుపాయె, ఎక్కడనుండి వచ్చును?" అనిరి. మనుమరాలు, "తండ్రిపాము కూడ అదే రంగు, నానమ్మగారూ" అని మెల్లగా పలికి, డబ్బా మూతలు పెట్టుకొనుచుండెను. మా అమ్మాయి కాఫీగిన్నెలు తీసికొని లోనికి పోయెను.

ఆ రాత్రి మనుమరాలు మా మంచముమీద కూర్చుండి, "అమ్మమ్మా, నేను పుట్టినప్పుడును ఇట్లే అనిరా?" అని యడిగెను.

పిల్లలకు అబద్ధము చెప్పుట మాకు వాడుక లేదు. అనిరని చెప్పితిమి. ఆ కాన్పున మా అమ్మాయికి రక్తస్రావ మధికమై, రెండు దినములు వైద్యుల కనుసన్నల నుంచిరి. మూడవనాడు గండము గడచినదని విని మేము మనదేశమునకు ఫోను చేసితిమి. అవతలివైపు మొదటి ప్రశ్న, "పిల్ల రంగు ఎవరిది?" తల్లికి ప్రమాదము తప్పినదని, పిల్ల క్షేమమని చెప్పితిమి. "అది సరే, రంగో?" అని మరల నడిగిరి. ఇరువది యొకటవ నాటి వేడుకలో, "తల్లిరంగే దిగినది, కుంకుమపువ్వు పాలు సరిగా త్రాగలేదేమో" అని నలుగురిలో వినవచ్చెను. అల్లునిరంగు మా అమ్మాయి రంగే. ఆయనను మాత్రము ఎవరు నేమియు ననలేదు.

"అమ్మ విన్నదా?" అని యడిగెను. విన్నదని చెప్పితిమి. "ఏమన్నది?" ఏమియు ననలేదు, నిన్ను ఒడిలోనికి తీసికొని పాలిచ్చినది అంటిమి. పిల్ల కొంతసేపు గోడవైపు చూచుచుండెను. పిమ్మట, "మనుష్యుల రంగు పాములరంగువలె ఒక్క జన్యువుతో తేలదు, అమ్మమ్మా. చాల జన్యువులు కలిసి పనిచేయును. అందరును హెట్‌లే" అని చెప్పి నవ్వెను. ఆ నవ్వు మాకు నచ్చలేదు. పదునారేండ్ల పిల్ల నవ్వవలసిన నవ్వు కాదు.

మరునాడు ఆమె చూపిన సంగతి యొకటి ఇట వ్రాయవలసియున్నది. అద్దాలతొట్టెలలో పెంచు జీబ్రాచేపలలో చారలు లేతబంగారువన్నె కలిగిన రకమొకటి కలదు. ఆ లేతదనమునకు మూలమేదియని వెదకిన అమెరికా శాస్త్రజ్ఞులు 2005లో ఒక జన్యువును గుర్తించిరి. ఆ జన్యువే మనుష్యులయందును కలదనియు, అందలి ఒక చిన్నమార్పు ఐరోపావారి తెల్లదనమునకు ముఖ్యకారణములలో నొకటియనియు తేలెను. 2013లో ప్రకటించిన వేరొక పరిశోధనలో మన దేశపు జనులను పరీక్షింపగా, అదే మార్పు ఉత్తరాదివారియందే గాక దక్షిణాదివారియందును ఎక్కువతక్కువలుగా కానవచ్చెను. తల్లిదండ్రు లిరువురును చామనచాయ వారైనను, వారికన్న తెల్లనిబిడ్డయు, వారికన్న నల్లనిబిడ్డయు అదే కడుపున పుట్టుట కిట్టి కలయికలే కారణము. బిడ్డకు ఏ జన్యువులు చేరవలెనో గర్భము నిలిచిన క్షణముననే తేలిపోవును. ఆ పిమ్మట త్రాగిన కుంకుమపువ్వు పాలు తల్లికి రుచి. బిడ్డ రంగునకు దానితో నిమిత్తము లేదు. సున్నిపిండి నలుగు మురికిని తీయును, అంతకుమించి చేయునది లేదు. 1975 మొదలు మన దేశమున అమ్ముచున్న ముఖలేపన మొకటి 2020లో తన పేరులోని తెలుపును తీసివేసికొనెను. పేరు మారినదిగాని పెండ్లిచూపుల నాటి ప్రశ్న మారినదా యని మే మడుగుచున్నాము. పాములసంతలో డబ్బామీద వెల చీటీ యంటించువారికి అది వ్యాపారము. మనము ఉయ్యాలకు చీటీ యంటించుట ఏ వ్యాపారము?

ఆ సాయంకాలము తల్లీకూతుళ్లు పెరటిలో చాలసేపు కూర్చుండి మాటలాడుకొనిరి. ఏమనుకొనిరో మే మడుగలేదు. భోజనమువేళ ఇద్దరి కన్నులును ఎఱ్ఱబడియుండెను గాని, గోంగూరపచ్చడి జాడీ యిద్దరి నడుమను ఖాళీయైనది.

తెల్లపిల్ల కోరిన పెద్దమనిషి మరల వార్త పంపెను. ఆడుపాము ఒకే యేట రెండవమారు గ్రుడ్లు పెట్టుట కలదు కనుక, వెంటనే మరల జతపరచినచో ధర మరికొంత పెంచుదునని. మనుమరాలు తల్లిపామును తూచి చూచెను. పూర్వపు బరువునకు ఇంకను చాలదూర మున్నది. ఈ సంవత్సరము జతపరచనని వ్రాసి పంపినది. తండ్రి, "మంచి బేరము గదా" అనబోయి, భార్యముఖము చూచి ఊరకుండెను.

పుట్టిన పిల్లలను మేపుట వేరొక యవస్థ. ఈ జాతి పిల్లలు పుట్టుకతో కప్పల నెరుగునుగాని ఎలుకల నెరుగవు. గోరంత ఎలుకపిల్లను ముందుంచినను ముఖము త్రిప్పుకొనును. అప్పుడు డబ్బాలో నమ్ము ట్యూనాచేప నీరు దానికి పూసి వాసన మార్చి పెట్టుదురు. ఆ చేపడబ్బాయు కారుకొట్టులోనే, వేరు చెంచాతో సహా. ఏడవనాడు గోధుమవన్నె పిల్లలలో మిక్కిలి చిన్నది మొట్టమొదట మ్రింగెను. మనుమరాలు అర్ధరాత్రి మమ్ము లేపి చూపించెను. మేము విమానమెక్కు నాటికి నాలుగు గోధుమవియు రెండు నారింజవియు అమ్ముడుపోయినవి. ఆ చిన్నదానిని మాత్రము ఎంత యిచ్చినను ఈయనని పెట్టెమీద తన పేరు వ్రాసికొన్నది. విభూతివన్నెది ఇంకను మొండికేసియే యున్నదట. కప్పవాసన పూసి చూతునని మొన్న ఫోనులో చెప్పినది.